పామిడిలో చెప్పండి

పామిడి,
గురువారం.

అమ్మకు జ్యోతి మొక్కి రాసేది.

ఈడ నేనూ, మీ అల్లుడూ, గౌతమీ ముగ్గురమూ తిని తిరుగుతాండాము, ఒంట్లో ఎవరికీ ఏమీ లేదు. ఆడ నీ మోకాళ్ళు ఎట్లుండాయో, లాడ్జి వంటింట్లో అంత సేపు నిలబడేదానికి అయితాందో లేదో రాయి.

నీ ఉత్తరం సోమవారం అందె. రెండు పక్కలా నువ్వే రాసినావంటే గౌతమి నమ్మలే. "అవ్వ రాసిందా ఇది? ళ కూడా సరిగ్గా రాసిందే!" అని స్కూలుకు తీసకపోయి టీచరుకు చూపించుకొని వచ్చింది. ఫోన్లో మాట్లాడితే చదువు రాదు, ఉత్తరాలు రాయి, పెద్ద అక్షరాలతో రాయి అంటివి కదా, అట్లే రాస్తాండా. వత్తులు వచ్చిన చోట తొందరపడొద్దు. ఇంకొకటి. ఈ ఉత్తరం, నీకు అక్షరాలు నేర్పించే లాడ్జి మేనేజరమ్మ ముందర పెట్టుకొని చదవొద్దు. పని ముగించుకొని, నీ రూములో కూర్చోని, నువ్వొక్కదానివే చదువుకో.

నువ్వు నాలుగు అడిగినావు. వరసగా చెప్తా.

గొంతు బాగుండాది. మిరియాలు, బెల్లం నోట్లో పెట్టుకుంటాండా. చల్లనీళ్ళు మానేసినా.

రెండోది, నా పని గురించి. అరిస్తే దుడ్లు ఎవరిస్తారు అని మీ లాడ్జిలో వాళ్ళు నవ్వినారంటివే, వాళ్ళకు ఇట్ల చెప్పు. కుళ్ళాయప్ప మైకుసెట్టు అంగడి వెనక చిన్న రూము ఉండాది. మాట గింగురుమనకుండా గోడలకు పాత బొంతలు తగిలించినాము. శబ్దం పడుతుందని ఫ్యాను ఆపాల. ఎండాకాలం లోపలికి పోతే స్నానం చేసిన మాదిరి బయటికొస్తాను. కుళ్ళాయప్ప అవతల కంప్యూటరు కాడ కూర్చోని అద్దంలోంచి చెయ్యెత్తితే నేను మొదలుపెట్టాల. ఉల్లిగడ్డలోళ్ళు, పాత ఇనుమోళ్ళు, నైటీలోళ్ళు, ఎలకల మందోళ్ళు, అందరికీ నేనే చెప్తా. ఒక్కసారి చెప్తే చాలు, బండి మీద అది ఏండ్ల తరబడి తిరుగుతాది. ఇప్పుడు కుళ్ళాయప్ప ఫోన్లోనే పంపిస్తాండాడు కాబట్టి కదిరి దాకా, మీ పుట్టపర్తి దాకా పోతాంది. నేనొచ్చి పోయిన మర్సటి దినమే నా గొంతు వినపడి, మళ్ళా వచ్చినానేమో అని గేటు కాడికి ఉరికితినని రాసినావు. ఉల్లిగడ్డల బండిని చూసి నవ్వొచ్చె అని కూడా రాసినావు. నాకు నవ్వు రాలేదమ్మా. ఆ మోకాళ్ళతో ఉరకొద్దు.

ఇది సులువు పని కాదు. ఉల్లిగడ్డలకు గొంతు పైకి లేయాల, లేకుంటే మిద్దె మీద బట్టలారేసే ఆడోళ్ళకు వినపడదు. నైటీలకు నవ్వుతా చెప్పాల. నవ్వితే మాటలో తెలుస్తాది. ఎవరన్నా పోతే బండి మీద చెప్పే మాట ఉండాది చూడు, దానికి నిదానం కావాల. పేరు చెప్పి ఆగాల. విన్నోళ్ళు పక్కనోళ్ళను "ఎవరు, ఎవరు?" అని అడిగేంత సేపు ఆగి, అప్పుడు ఊరు చెప్పాల. మన్ను చేసే టైము రెండుసార్లు చెప్పాల. మనోళ్ళకు స్వర్గస్థులైనారు అనాల, కిరస్తానమోళ్ళకు ప్రభువునందు నిద్రించినారు అనాల. మొదట్లో ఒకసారి అదీ ఇదీ తారుమారు చేసి చెప్పేస్తే పాస్టరు జాకబ్ గారే అంగడికొచ్చినాడు. కోపం చేయలే. కూర్చోబెట్టి, ఎట్ల చెప్పాల్నో నేర్పించి పోయినాడు.

మూడోది, గౌతమి గురించి. ఉల్లిగడ్డల పాప అని పిల్లోళ్ళు ఏడిపిస్తాండారా అంటివి. ఇప్పుడు తగ్గింది. స్కూల్లో పొద్దున ప్రార్థన కాడ వార్తలు చదివేది దీనికే ఇచ్చినారు. ఇంట్లో అద్దం ముందర నిలబడి నా మాదిరే పేరు చెప్పి ఆగుతాది.

ఇంక నాలుగోది. "నువ్వొచ్చినప్పుడు అడగడం మరిచిపోతి, రేషన్ కార్డులో మీ నాయన పేరు తీసెయ్యాలంటే ఆయన సంతకం కావాలంటాండారు, యాడుండాడో కనుక్కో" అని రాసినావు.

సంతకం అక్కర్లేదమ్మా. మైకులో నేను చెప్పే మాటలో వత్తులు ఎక్కువ, నీకు చదివేదానికి కష్టం. మన మాటలోనే రాస్తాండా.

నాయన పోయినాడు. నేటికి పదమూడు దినాలు.

రవ్వంత నీళ్ళు తాగు. తాగినాక మిగతాది చదువు.

ఆయన శుక్రవారం సందకాడ పోయినాడు. శనివారం పొద్దున నేను నైటీల మాట చెప్పేసి రూములోంచి బయటికొస్తి. అంగట్లో ఒకడు నిలబడుండాడు, ఇరవై రెండేండ్లుంటాయి, చేతిలో మడత పెట్టిన కాగితం. కుళ్ళాయప్పతో చెప్తాండాడు.

"మా నాయన పోయినాడన్నా. బెళుగుప్ప మాది. పామిడిలో చెప్పాల."

"బెళుగుప్పలో పోతే పామిడిలో ఎందుకప్పా? ఈడ మీ చుట్టాలెవరన్నా ఉండారా?"

"తెలీదన్నా. మాట పడిపోయే ముందర 'పామిడిలో చెప్పండి' అన్నాడు. ఎవరికి నాయనా అంటే చెప్పలే. మళ్ళా అదే మాట. నేను యాడికని పోయేది, ఎవర్నని అడిగేది? మైకులో పెడితే వినాల్సినోళ్ళు వింటారని వచ్చినా."

కుళ్ళాయప్ప ఆ కాగితం నాకిచ్చినాడు. పామిడి గంగాధరప్ప, వయసు అరవై ఒకటి, బోరు మోటర్ల మేస్త్రీ అని ఉండె. ఈ ఊరు ఇడిసి పోయిన మనిషిని ఆ ఊర్లో ఇరవై మూడేండ్లూ పామిడి అనే పిలిచినారంట. గంగాధరప్పలు వంద మంది ఉంటారు. బోర్లలో ఇరుక్కున్న మోటర్లు తీసే గంగాధరప్ప యాడన్నా ఇంకొకడుంటాడా? నేను చిన్నప్పుడు సైకిలు మీద ముందర కూర్చోని ఆయన జతకు పోతాంటి కదా. పైపుకు చెవి ఆనించి, రెంచితో తట్టి, లోపల ఎన్ని అడుగుల కాడ పట్టుకుందో చెప్తాండె. రైతులు నోరు తెరుచుకొని చూస్తాండ్రి.

కాగితంలో కింద, భార్య సువర్ణ, కొడుకు ఓబిలేష్ అని రాసుండె.

కాగితం పట్టుకొని లోపలికి పోయినా. కుళ్ళాయప్ప చెయ్యెత్తినాడు. పేరు చెప్పి ఆగినా. ఆగినదాన్ని మళ్ళా మొదలుపెట్టలేకపోతి. "ఏమమ్మా, గొంతు పట్టిందా?" అన్నాడు అవతలి నుంచి. ఇంకోసారి పెట్టమంటి. రెండోసారి కాగితం చూడకుండా చెప్పినా. పేరు చెప్పినా, ఊరు చెప్పినా. "భార్యలు కదిరమ్మ, సువర్ణ. కూతురు జ్యోతిలక్ష్మి, కొడుకు ఓబిలేష్" అని చెప్పినా. టైము రెండుసార్లు చెప్పినా.

బయట కుళ్ళాయప్ప అది వినిపించినాడు. ఆ పిల్లోడు తల వంచుకొని వింటాండె. ఉన్నట్టుండి తలెత్తినాడు.

"అక్కా, పేర్లు తప్పు పడినాయి. కదిరమ్మ ఎవరు? వేరేవాళ్ళ కాగితం కలిసిపోయిందేమో చూడు."

"కలవలేదప్పా. కదిరమ్మ మా అమ్మ."

వాడికి అర్థం కాలే. "మరి జ్యోతిలక్ష్మి?" అన్నాడు.

"ఈయమ్మేనప్పా" అన్నాడు కుళ్ళాయప్ప. ఆయనకూ అప్పుడే తెలిసింది. లేచి షట్టరు సగం దించేసి, టీ తెస్తానని పోయినాడు.

వాడు మైకు పెట్టె మీద కూర్చొన్నాడు. "నాకు అక్క ఉండాదని ఒక్కసారన్నా చెప్పలేదు" అన్నాడు. నాకు తమ్ముడుండాడని మాత్రం ఎవరు చెప్పినారు? ఇద్దరమూ ఒకర్నొకరు చూసుకోకుండా టీ తాగినాము. వాడు పోయేముందర, "అక్కా, పామిడిలో నువ్వు చెప్పినట్టే తిప్పండి. బెళుగుప్ప బండికి మాత్రం ఈ పేర్లు వద్దు. మా అమ్మ శవం కాడ కూర్చోనుండాది. ఇప్పుడు మైకులో ఇది వింటే తట్టుకోలేదు" అన్నాడు. మళ్ళా లోపలికి పోయి, నీ పేరూ నా పేరూ తీసేసి, ఇంకోటి చెప్పినా.

ఇది నీకు చెప్పకుండా దాచొచ్చు. దాచలేను. మన ఊర్లో నిన్ను ఆయన భార్య అని చెప్పింది నేనే, ఆ ఊర్లో కాదని చెప్పింది నేనే. రెండూ నా గొంతే. తిడతావో, సరేలే అంటావో, నీ ఇష్టం.

మధ్యాన్నం మన వీధిలో బండి తిరిగె. మీ అల్లుడు టైలరు అంగట్లో నైటీలు కత్తిరిస్తా కత్తిరిస్తా నీ పేరు విని, కత్తెర ఆడనే పడేసి ఇంటికొచ్చినాడు. "పోదాం పద" అన్నాడు, అంతే. మోటర్ సైకిలు మీద పోయినాము. మన్ను చేసే టైముకు చేరినాము. నాయన మొహం చూసినా. ఎండిపోయినాడు. షుగర్ వచ్చి ఒక కాలు తీసేసినారంట, రెండేండ్లు మంచం మీదనే ఉన్నాడంట. మంచం మీద నుంచే ఫోన్లో, ఎన్ని అడుగుల కాడ పట్టుకుంది, ఏ పక్కకు తిప్పాల, అని పనోళ్ళకు చెప్తాండెనంట. నేను దోసిలితో మన్ను వేసినా.

వచ్చేటప్పుడు సువర్ణమ్మ నా చెయ్యి పట్టుకొనింది. నేనెవరో ఆయమ్మకు ఎవరూ చెప్పలే. చూసి తెలుసుకొనింది.

"మీ అమ్మ రాలేదా?"

"ఇంకా చెప్పలేదు."

"చెప్పు పాపా. నేనీడ ఏడుస్తాంటే ఆయమ్మ ఆడ తెలీక నవ్వుతాంటాది. అది నాకు పాపం."

నువ్వు ఎన్నోసార్లు అంటివి కదా, ఆయన సచ్చినా నాకు చెప్పొద్దు అని. ఆ మాట పట్టుకొని రెండు దినాలు గమ్మునుంటి. అది నేను చూసుకున్న సాకు అని నాకే తెలుసు. చెప్పొద్దు అన్నదానివి ఇరవై మూడేండ్లు కార్డులో పేరు ఎందుకు పెట్టుకొని ఉంటివి?

ఏడ్చినావా అని అడుగుతావు. ఆ దినం ఏడవలే. మంగళవారం ఉల్లిగడ్డలకు కొత్త మాట చెప్పేదానికి పోయి, కిలో ఇంత అని చెప్తా చెప్తా ఏడిస్తి. కుళ్ళాయప్ప లోపలికొచ్చి ఫ్యాను వేసి, తలుపు దగ్గరికేసి పోయినాడు. ఒక గంట సేపు ఎవర్నీ లోపలికి రానీలే.

ఆ మర్సటి దినం, బుధవారం, నేను పుట్టపర్తికి వచ్చింది ఊరికే కాదమ్మా. చెప్పాలనే వచ్చినా. పని దినం ఎందుకొచ్చినావు అని నువ్వు అడిగితే, నిన్ను చూడాలనిపించె అంటి. నువ్వు నన్ను సాగనంపేదానికి బస్టాండుకు వచ్చి, ఒక్కొక్క బస్సు బోర్డూ చదివి వినిపించినావు. ధర్మవరం. కదిరి. బెంగళూరు కాడ వత్తు లేదని నవ్వినావు. పక్కనున్నోళ్ళు చూస్తాండారన్న సిగ్గు కూడా లేకుండా గట్టిగా చదివినావు. నా చేతిలో చట్నీపొడి డబ్బా పెట్టినావు. ఊర్లో అందరి సావులూ చెప్పేదాన్ని, నా నోరు పెగల్లే. బస్సెక్కి వచ్చేస్తి.

మన వీధిలో అందరికీ తెలుసు. వాళ్ళల్లో ఎవరన్నా పుట్టపర్తికొచ్చి, "అయ్యో కదిరమ్మా" అని నీ ముందర ఏడ్చేలోపల నా నుంచే నీకు తెలియాలని ఇప్పుడు రాస్తాండా. ఇంత ఆలస్యం చేసినదానికి ఏమనుకున్నా పడతాను.

బొట్టూ, గాజులూ, తాళీ నీ ఇష్టం. ఎవరో వచ్చి ఇట్ల చెయ్యి, అట్ల చెయ్యి అంటే వినొద్దు. నాకూ చెప్పే హక్కు లేదు. ఏడవాలనిపిస్తే ఏడువు. అనిపించకపోతే అది కూడా తప్పు కాదు. కార్డు సంగతి ఇప్పుడు తొందరేమీ లేదు. నాయన పోయినట్టు ఇచ్చే కాగితం ఓబిలేష్ తెచ్చిస్తానన్నాడు.

ఉత్తరం చదివినాక మేనేజరమ్మ ఫోన్ నుంచి నాకు ఒక్కసారి మోగించి పెట్టెయ్. మాట్లాడక్కర్లేదు. చదివినావని నాకు తెలిస్తే చాలు. ఆపై వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు నేనొస్తాను. ఓబిలేష్ కూడా వస్తానంటాండాడు. నాయన మాట ఎవరికి చేరాల్నో తెలిసినాక, ఆయమ్మను చూడకుండా ఎట్ల ఉండేది అంటాడు. నేను సరే అనలే, కాదనలే. నీకు వద్దనిపిస్తే రెండుసార్లు మోగించు, వాణ్ణి తీసకరాను. వాడేమీ అనుకోడు, మంచోడే.

ఒకవేళ రమ్మంటే మాత్రం ఒక సంగతి ముందే తెలిసుండాల. వాడిది అచ్చం నాయన మొహం. నవ్వు కూడా అదే, ఒక పక్కకు. ఆయన మనల్ని ఇడిసిపోయిన వయసు కంటే వీడు చిన్నోడు, నువ్వు పెండ్లి చేసుకున్నప్పుడు ఆయనకుండిన ఈడు. బస్సు దిగేటప్పుడు నేను ముందర దిగుతా. నువ్వు ముందు నన్ను చూడు.

ఇట్లు,
చెప్పేదానికి పదమూడు దినాలు పట్టిన నీ బిడ్డ,
జ్యోతి