ఐదు కిలోమీటర్లు దగ్గర

నర్సమ్మకు,

ఇక్కడ నేనూ అత్తయ్యా కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావని నాకు తెలుసు. ఎలా తెలుసో చివర్లో రాస్తాను.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. అత్తయ్య మోకాలు బాగానే ఉంది. నా జ్వరానికని నువ్వు పంపిన మాత్రలు ఆవిడే వేసుకున్నారు. "నా కూతురు పంపింది, ఎవరు వేసుకుంటే ఏం" అన్నారు. ఇక థర్మామీటరు సంగతి. "ఇంట్లో ఉన్న ఒక్క థర్మామీటరూ నా పెట్టెలోనే ఉంది. మరి జ్వరం నూట ఒకటి అని దేంతో చూసి రాశారు?" అని అడిగావు. జవాబుంది, కాస్త ఆగు. ప్రతి ఉత్తరం కిందా "ఇట్లు, అత్తయ్య అల్లుడు" అని పెడతానని కూడా నీ ఫిర్యాదు. "మా అమ్మకు మీరేమవుతారో అందరికీ తెలుసు. నాకేమవుతారో రాయడానికి సిరా చాలదా?" అన్నావు. దానికీ ఆగు.

నాలుగోది చదివాక రెండు పూటలు భోజనం సహించలేదు. "నాలుగు నెలల్లో ఒక్కసారీ రాలేదు. నేను ఈ కొండ మీదికి రావడం మీకిష్టం లేదు, అంతేగా? ఇంకో రెండేళ్లు ఉంటానని నెలాఖరులోగా సంతకం పెట్టమంటున్నారు ఆసుపత్రివాళ్లు. నన్ను చూడాలనే లేని మనిషి కోసం దిగి రావడం ఎందుకు? పెట్టేస్తాను" అని రాశావు.

దీనికి జవాబు రాయబోయి నాలుగు కాగితాలు చింపాను. నాకు చేతనైంది జీపు గురించి రాయడం. అదే రాస్తాను.

జీపుకు టైర్లు మార్చి, ఎత్తు పెంచాలనుకున్నాను. డబ్బాలో ఉన్నది నలభై వేలు. టైర్ల కొట్టాయన ముందుగా బురద టైర్లు చూపించాడు. వాటి మీద ఒక్కో గడ్డ నా బొటనవేలంత ఉంది.

"ఇవి వేస్తే గోడ కూడా ఎక్కేస్తుంది మాస్టారూ!"

"నేను ఎక్కాల్సింది గోడ కాదు. తారు మీద చప్పుడు చేస్తాయా?"

"చేస్తాయి. పక్కన కూర్చున్నవాళ్ల మాట వినపడదు."

పక్కన కూర్చునేది అత్తయ్య అని గుర్తొచ్చి ఒక్క నిమిషం ఆలోచించాను. (ఈ వాక్యం చేయి అడ్డం పెట్టుకుని రాశాను.) ధర వింటే నాలుగు కలిపి యాభై రెండు వేలు. "పోనీ వెనక రెండూ వేయించుకోండి" అన్నాడు. అప్పుడు ముందు నుంచి చూస్తే మన జీపు, వెనక నుంచి చూస్తే ట్రాక్టరు. వద్దన్నాను.

చివరికి తారుకీ రాళ్లకీ రెంటికీ పనికొచ్చే రకం దొరికింది. పాత వాటికన్నా కాస్త పెద్దవి. నిరుటి సరుకు, అమ్ముడుపోక మూలన ఉన్నాయి. పక్కన అచ్చేసిన తేదీలు చూశాను, గోరుతో నొక్కి చూశాను. నా అలవాటు నీకు తెలుసుగా, సంచిలోని కాటా తీసి నాలుగింటినీ తూచాను. ఒకటి అర కిలో ఎక్కువ తూగింది. "తేడా ఉంది, ధర తగ్గించండి" అన్నాను. "ఎక్కువ తూగితే మీరే ఇంకొంచెం ఇవ్వాలి" అన్నాడు. కాటాలు బాగుచేసే మనిషిని కాటాతోనే కొట్టాడు. ఇరవై ఏడు వేలకు తెచ్చుకున్నాను.

తర్వాత మెకానిక్ దగ్గరికి వెళ్లాను. "నాలుగంగుళాలు లేపుదాం, దర్జాగా ఉంటుంది" అన్నాడు. నాలుగంటే షాకబ్జార్బర్ల నుంచి బ్రేకు గొట్టాల దాకా అన్నీ మార్చాలి, పైగా మలుపుల్లో బండి ఊగుతుంది. నేను రెండు చాలన్నాను. బండి బరువు మోసే కమాన్లకు ఒక్కో పట్టీ అదనంగా వేసి, షాకబ్జార్బర్లు మాత్రం కాస్త పొడుగువి పెడితే సరిపోతుంది.

"రెండే అని అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు సార్?"

"చెబుతున్నాను కదా" అని ఊరుకున్నాను.

అందుకు పన్నెండు వేలు అయింది. మిగిలిన వెయ్యి మిగల్లేదు. జీపు ఇంటికి తెచ్చిన రోజు అత్తయ్య ఒక కాలు పైకెత్తారు, దించారు, రెండోది ఎత్తారు, దించారు. "ఇది జీపా, అటకా? అల్లుడూ, నన్ను ఇంట్లోంచి పంపించాలనుకుంటే నోటితో చెప్పు, ఇంత ఖర్చెందుకు?" అన్నారు. ఆ వెయ్యీ పెట్టి స్టూలు కొన్నాను.

ఇప్పుడు నా తెలివితక్కువతనం రాస్తాను. వారం తిరిగేసరికి లెక్క చూస్తే, లీటరుకు పదకొండు ఇచ్చే బండి పది కూడా ఇవ్వడం లేదు. బంకులో డీజిల్ తక్కువ కొడుతున్నారని తేల్చేశాను. ముద్ర వేసిన నా ఐదు లీటర్ల కొలత డబ్బా పట్టుకుని వెళ్లి, పదిమంది ముందు పోయించాను. సరిగ్గా గీత దగ్గరే ఆగింది. బంకాయన నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

"మాస్టారూ, మీ ఇంటి నుంచి సంతకు ఎంత దూరం?"

"ఇరవై నాలుగు కిలోమీటర్లు."

"నిన్న మీ మీటరు ఎంత చూపించింది?"

నా పుస్తకం తీసి చూశాను. "ఇరవై రెండు."

"మరి సంత దగ్గరికి జరిగిందా?"

టైరు పెద్దదైతే ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతుంది. మీటరు లెక్కపెట్టేది చుట్లనే. ఇరవై ఏళ్లుగా మీ కాటా తప్పు, మీ తూకం తప్పు అని ఊరందరికీ చెప్పిన నేను నా మీటరు తప్పు చూసుకోలేదు. ఆయనకు క్షమాపణ చెప్పాను. "పర్లేదు, టైర్లు మాత్రం బాగున్నాయి" అన్నాడు.

ఇక థర్మామీటరు.

నాకు జ్వరం రాలేదు. ఆ ఆదివారం నీ దగ్గరికే బయల్దేరాను. చొక్కా కూడా ఇస్త్రీ చేసుకున్నాను. నలభై ఒకటో కిలోమీటరు దగ్గర, మూడో మలుపులో, వానకు దారి కొట్టుకుపోయి ఒక రాయి తేలింది. జీపు కడుపు దాని మీద కూర్చుంది. నాలుగు చక్రాలూ గాల్లో తిరుగుతున్నాయి, నేను లోపల ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాను. మీ ఆసుపత్రికి మందుల పెట్టెలు మోసే ఇద్దరు తాడేసి లాగారు. "నర్సమ్మగారి తాలూకా?" అని అడిగారు. కాదన్నాను. నీ పరువు పోతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే నాదే. ఇంటికొచ్చి జ్వరమని రాశాను. నూట ఒకటి అని రాస్తే నమ్ముతావనుకున్నాను. నీ ఉత్తరం అందిన మర్నాడే మళ్లీ అక్కడికే వెళ్లి, రాయి ఎత్తు కొలుచుకొచ్చాను. రెండంగుళాలు చాలని అలా తెలిసింది.

ఈరోజు జీపు ఆ రాయి మీదుగా తగలకుండా దాటింది. అత్తయ్య కళ్లు మూసుకుని "అయిపోయిందా? అయిపోయిందా?" అంటూనే ఉన్నారు.

నిన్ను దింపడానికి వచ్చిన రోజు మన గుమ్మం నుంచి మీ ఆసుపత్రి గేటుకు అరవై రెండు కిలోమీటర్లు. ఈరోజు మీటరు యాభై ఏడు చూపించింది. ఎందుకో నాకు తెలుసు. అయినా దిద్దకుండా యాభై ఏడే రాసుకున్నాను. నా పుస్తకంలో తెలిసి రాసిన తప్పుడు కొలత ఇదొక్కటే. ఐదు కిలోమీటర్లు దగ్గరయ్యావు, దాన్నెందుకు కొట్టేయాలి?

నీకు ఆ పని ఇష్టమైతే రెండేళ్లకూ సంతకం పెట్టు. నేను రానని మాత్రం పెట్టకు. ప్రతి శనివారం వస్తాను.

ఈ ఉత్తరం మీ గేటు బయట, జీపులోనే కూర్చుని రాశాను. నోటితో ఇంత చెప్పలేనని నీకు తెలుసు. నువ్వు కులాసా అని ఎలా తెలిసిందంటే, కట్టు తడిపినందుకు ఎవరినో కేకలేస్తున్నావు, కిటికీలోంచి స్పష్టంగా వినపడుతోంది. కాగితం కాపలావాడితో పంపుతున్నాను. చదవగానే రా. స్టూలు ఇంట్లోనే మర్చిపోయాను. అత్తయ్యను దింపాలంటే ఇంకో మనిషి కావాలి.

ఇట్లు,
నీ మొగుడు