మాకు ఎవరూ లేరని రుజువు చేసుకొనుట

పేదల వసతి గృహముల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: దిక్కులేని ముగ్గురికి దిక్కున్నదని పొరపాటున తేల్చి, గృహం ఖాళీ చేయమనుట గురించి.

1. పూర్వం మా ఊరిలో దిక్కులేనివారిని వంతులవారీగా ఇంటింటికీ పంపేవారు. వంతు వచ్చిన ఇంటివారు పశువుల కొట్టంలో ఇంత చోటు చూపి, వీరు ఎప్పుడు కదులుతారా అని ఎదురుచూసేవారు. చివరికి విసుగెత్తి ఊరంతా కలిసి ఈ గృహం కట్టించినారు. చూసుకునేవారు ఎవరూ లేనివారికే ఇందులో చోటని నిబంధన. ప్రస్తుతం చూపులేని పెద్దమ్మ, మాజీ బండివాడు, మాజీ దర్జీనైన నేను నివసించుచున్నాము.

2. తమ తనిఖీదారు గారు వచ్చిన సమయమున నేను పెద్దమ్మ కాలిగోళ్లు తీయుచుంటిని. కత్తెర నాది, గోళ్లు ఆమెవి. ఇందులో ప్రభుత్వమునకు వచ్చిన నష్టమేమిటో నాకు బోధపడలేదు. బండివాడు ఆమె జావ చల్లార్చుచుండెను. "నిన్ను ఎవరు చూసుకుంటారమ్మా?" అని వారు అడిగినారు. ఆ మహాతల్లి ఊరుకోవచ్చు గదా. "ఈ ఇద్దరూ ఉన్నారుగా బాబూ. కడుపున పుట్టినవాళ్లయినా ఇంత బాగా చూడరు" అన్నది. "మరి మిమ్మల్ని?" అని అడిగితే, "మమ్మల్ని తిట్టి మరీ తినిపించేది ఈవిడేనండి" అని బండివాడు వాగినాడు. వాడి నోట్లో మన్ను పడ. దానితో ముగ్గురమూ అనర్హులమైతిమి. నెలాఖరుకు వెళ్లిపోవలెనట.

3. ఉత్తర్వు అందినది మొదలు మేము ఒకరినొకరు పట్టించుకొనుట మానివేసితిమి. ముగ్గురమూ మూడు గోడల వైపు తిరిగి కూర్చొనుచున్నాము. పెద్దమ్మ మంచినీళ్లు అడిగినచో, "నీకెవరూ లేరు, ఊరుకో" అని నిబంధనల మేరకు జవాబిచ్చుచున్నాము. పిమ్మట బండివాడు ఆమె చేతికి తగిలేచోట చెంబు పెట్టి, తాను పెట్టలేదని ఒట్టు వేయుచున్నాడు.

4. మొన్నటి నుండి ఆమెకు జ్వరం. అయ్యా, ఇక్కడ నాకు ఆఫీసు భాష రావడం లేదు. ఒళ్లు కాలిపోతోంది. తడిగుడ్డ వేద్దామంటే తనిఖీదారు గారు ఎప్పుడు ఊడిపడతారో తెలియదు. వేస్తే చోటు పోతుంది. వేయకపోతే మనిషే పోయేటట్టుంది. నాకు చాలా భయంగా ఉంది.

కావున మేము ఒకరికొకరం ఏమీ కామని గుర్తించి, గృహంలో ఉండనివ్వవలెను. అది కుదరనిచో, జ్వరం తగ్గేవరకైనా ఆమెను చూసుకొనుటకు తాత్కాలిక అనుమతి దయచేయవలెను. ఈ మొర చిత్తగించవలెను.

ఎవరికీ ఏమీ కాని తమ విధేయుడు,
దర్జీ

తా.క.: వేలిముద్ర కోసం పై అర్జీని పెద్దమ్మకు చదివి వినిపించితిని. "నాకెవరూ లేరని నేను ముద్ర వెయ్యనురా. గది వాళ్లనే ఉంచుకోమను" అని అటు తిరిగి పడుకున్నది. కాబట్టి ఆమె ముద్ర లేదు. తడిగుడ్డ వేశాను. బండివాడు కాళ్లు పడుతున్నాడు. తనిఖీకి ఎప్పుడైనా రావచ్చు, తలుపు తీసే ఉంటుంది.