కార్డు వెనక్కివ్వకు

అన్నయ్యా, లేవగానే కంప్యూటర్ ఆపకు! కార్డు అమ్మినవాడికి ఫోన్ చేసి తిట్టనూ వద్దు. నీ గ్రాఫిక్స్ కార్డు బతికింది!

వాడు దానితో ఏళ్ల తరబడి రాత్రింబగళ్లు డిజిటల్ డబ్బు పుట్టించే క్రిప్టో మైనింగ్ చేయించాడని తెలియగానే అది చచ్చిందని తేల్చేశావు. నేను విప్పి చూశాను. చిప్పు నిక్షేపంగా ఉంది. ఆగకుండా తిరిగి తిరిగి అరిగిపోయింది ఫ్యాను. చిప్పు వేడిని లాగే పేస్టు ఎండి సున్నంలా రాలుతోంది. అందుకే వేడెక్కి మధ్యలో ఆగిపోయేది. నువ్వు మూలన పడేసిన పాత కార్డు ఫ్యాను దీనికి బిగించి, కొత్త పేస్టు రాశాను. అప్పటినుంచి ఒక్కసారీ ఆగలేదు! నేను గంతులేస్తుంటే అమ్మ, "నేను కన్నది పిల్లనా, మేకపిల్లనా?" అంది.

ఉద్యోగానికి పంపాల్సిన నీ బొమ్మల సినిమా రాత్రినుంచి కంప్యూటర్లో తయారవుతూనే ఉంది, సాయంత్రానికి పూర్తవుతుంది. గడువు ఇవాళే, వెంటనే పంపెయ్. దుమ్ము పడుతుందని అమ్మ కంప్యూటర్ మీద దుప్పటి కప్పబోతుంది, కప్పనివ్వకు.

"నీకేం తెలుసే, ముట్టుకోకు" అన్నావు నిన్న. ముట్టుకున్నాను. ఏం చేస్తావో చేసుకో.

ఇంకో మాట. నీ ఫైల్లో చివరి సీను బొమ్మలు చూశాను. ఆ పరిగెత్తే పిల్లకి నా ముక్కు పెట్టావేంట్రా దొంగా? అడిగితే చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు. బాగుంది, మార్చకు.