తమ చట్రంలో ఇరుక్కున్న మా గుర్రం

విమాన సంస్థలో సామాను విభాగం చూసుకునే పై అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: విమానం ఎక్కే ద్వారం దగ్గర చేతిసామాను కొలిచే అమ్మాయిని తిరిగి పనిలోకి తీసుకొనవలసినదిగా కోరుట, మరియు ఆమె వాడిన ఇనుప చట్రం మా కూతురి ఇంట్లో క్షేమంగా ఉన్నదని తెలియజేయుట.

నేను పెట్టెలు చేసే వడ్రంగి గారి భార్యను. పదో తరగతి దాకా చదువుకున్నాను. ఇదివరకు ఒకే ఒక్క అర్జీ రాశాను, వీధి కుళాయి కోసం. కుళాయి వచ్చింది, నీళ్ళు ఇంకా రాలేదు. కనుక అర్జీల మీద నాకు సగం నమ్మకం ఉంది. తక్కిన సగం దేవుడి మీద వేసి ఇది రాస్తున్నాను.

"మెత్తగా రాయకమ్మా, కాస్త గట్టిగా రాయి" అని మా అమ్మాయి అంటోంది. నేను మాట్లాడితే పక్కగదిలోకి కూడా వినపడదని ఇంట్లో అందరి ఫిర్యాదు. కాగితం మీదైనా వినపడుతుందన్న ఆశతో, జరిగినది జరిగినట్టు అంకెలు వేసి తమకు మనవి చేసుకొనుచున్నాను.

1. పెట్టె గురించి. మా మనవరాలికి నాలుగేళ్ళు. ఊగే గుర్రం కావాలని ఫోనులో తాతని అడిగింది. మావారు సరుకు పంపే చెక్క పెట్టెలు చేస్తారే గాని గుర్రాలు చేసినవారు కారు. అయినా చేశారు. తల, ఒళ్ళు, కాళ్ళు విడివిడిగా చెక్కి, అక్కడికి వెళ్ళాక చెక్క మేకులతో బిగించుకునేట్టు అమర్చారు. గుర్రం చెవులు బాగా పల్చన. విమానం కడుపులో పడేస్తే విరిగిపోతాయని చేతిసామానుగా తీసుకుపోవాలనుకున్నాము. టికెట్టు మీద తమరు ముద్రించిన కొలత చూసి, వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక పెట్టె చేశారు. మేకు కొట్టిన మూత కాదు, గాడిలో జారే మూత. ఈ మూత సంగతి తమరు దయచేసి గుర్తుపెట్టుకోవాలి. ముందు ముందు అవసరపడుతుంది.

2. కొలత గురించి. చిక్కంతా ఇక్కడ ఉన్నది. మావారి పనిలో పెట్టె కొలత అంటే లోపలి కొలత. సరుకువాడు ఇంత పొడవు, ఇంత వెడల్పు అని చెప్తే, అంత సరుకు అందులో పట్టాలని అర్థం. బయట చెక్క ఎంత మందం అని ఎవరూ అడగరు. మా మామగారూ అలాగే చేశారు, మావారి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళూ అలాగే చేస్తున్నారు. తమ పనిలో కొలత అంటే బయటి కొలత అనీ, పిడి కూడా అందులోకే వస్తుందనీ మాకు తెలియదు. టికెట్టు మీద ఆ మాట ఎక్కడైనా ఉంటే ఉండవచ్చును. నా కళ్ళజోడుకి మాత్రం అందలేదు.

3. ద్వారం దగ్గర జరిగినది. బల్ల పక్కన, చేతిసామాను లోపలికి దించి కొలత చూసే ఇనుప చట్రం ఒంటికాలి మీద నిలబెట్టి ఉంది, దాని పక్కన ఆ అమ్మాయి. మా కంటే ముందు ఒకాయన సంచి ఉబ్బిపోయి చట్రంలో దిగకపోతే, అందులోని చొక్కాలన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కున్నాడు. సంచి దిగింది, ఆయన తలుపులో దూరడమే కష్టమయింది. ఆ అమ్మాయి నవ్వకుండా, "జాగ్రత్త సర్, ఉక్క పోస్తుంది" అని పంపించింది. తరవాత మా వంతు.

"సర్, పెట్టె ఒకసారి ఇందులో పెట్టండి."

"అక్కర్లేదమ్మాయ్. కొలిచి చేసిన పెట్టె ఇది."

"అందరూ కొలిచే తెస్తారు సర్. ఈ చట్రమే ఎవరి మాటా నమ్మదు."

మావారు పెట్టారు. పెట్టె చట్రం అంచు మీద పీట వేసుకుని కూర్చుందే గాని లోపలికి దిగలేదు. వెనక వరసలోంచి ఎవరో, "పాపం, పెళ్ళికొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు" అన్నారు. మావారి చెవులు ఎర్రబడ్డాయి.

"రుసుము కట్టేసి కింద సామానులో వేసేయండి సర్, పోనీ."

"రుసుము సంగతి కాదు తల్లీ. నేను చేసిన పెట్టె పట్టలేదన్నవాళ్ళు ఇంతవరకూ లేరు."

"నేనే మొదటిదాన్ని అయ్యాను సర్, ఏం చేయను."

మావారు నా వైపు తిరిగి, "నీ ప్రార్థన సంచిలో మైనపు వత్తి ఉందా?" అన్నారు. సొరుగు బిగిసిపోతే వడ్రంగులు అంచులకి మైనం రాస్తారు. వత్తి ఇచ్చాను. దేవుడి ముందు వెలగవలసిన వత్తి పెట్టె అంచుల మీద అరిగి చిటికెన వేలంత అయింది. అప్పుడు మా వెనకాల నిలబడిన వస్తాదు లాంటి ఆయన, "జరగండి పెద్దాయనా, ఇది నాకు వదిలేయండి" అని పెట్టెని అమాంతం ఎత్తి, తలకిందులు చేసి చట్రం మీద పెట్టాడు.

నేను, "ఏమండీ, మూత జారే వైపు కిందకి పోయింది" అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను. ఆయన పెట్టె మీద కూర్చున్నాడు. చట్రం కడ్డీలు కిర్రుమని విచ్చుకున్నాయి, పెట్టె అడుగంటా దిగిపోయింది. వరసలో వాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఏమ్మా, పట్టిందా లేదా?" అన్నారు మావారు, మీసం సర్దుకుంటూ.

"పట్టింది బాబాయ్ గారూ. ఇప్పుడు బయటికి తీయండి."

అయ్యా, రాలేదు. విచ్చుకున్న కడ్డీలు పెట్టెని ఉడుంపట్టు పట్టాయి. వస్తాదు గారు లాగితే పెట్టె, చట్రం, దాని ఒంటికాలు అన్నీ కలిసి లేచాయి. "కూర్చోవడం వరకే నా పూచీ" అని ఆయన విమానం ఎక్కేశాడు.

4. ఆ అమ్మాయి చేసిన పని గురించి. దీనికోసమే ఈ అర్జీ. విమానం తలుపు మూసే వేళయింది. ఆ అమ్మాయి, "ఇంతకీ ఇందులో ఏముంది బాబాయ్ గారూ?" అని అడిగింది. "మనవరాలికి గుర్రం" అన్నారాయన.

ఆమె కాసేపు చట్రాన్ని చూసింది, మమ్మల్ని చూసింది. "పెట్టె కొలతలో పట్టింది, కనుక రుసుము లేదు. చేత్తో పట్టుకుపోవడానికి లేదు, ఎందుకంటే ఇప్పుడు కొలతే దాన్ని పట్టుకుంది. గుర్రాన్ని ఇక్కడే వదిలేస్తే మీ మనవరాలు నన్ను జన్మలో క్షమించదు" అంది. చేత్తో తిప్పే నట్లు తానే విప్పి, చట్రాన్ని ఒంటికాలి నుంచి వేరుచేసి, పెట్టెతో సహా దానికి చీటీ కట్టి, మెత్తటి సామానుల పైన పెట్టమని చెప్పి కిందకి పంపించింది. నియమం మీరలేదని, మమ్మల్ని ఏడిపించలేదని తమరు గమనించగలరు. ఈ రెండూ ఒకేసారి చేయగలిగినవారిని నేను ఎక్కువమందిని చూడలేదు.

5. చట్రం ప్రస్తుత పరిస్థితి. దిగిన చోట తమ సంస్థవారికే అప్పగించబోయాము. బల్ల దగ్గర కూర్చున్నాయన చీటీ తిప్పి చూసి, "ఇది మీ పేరున వచ్చింది. మీ సామానే" అన్నాడు. మాది కాదు బాబూ అంటే, "మీది కాకపోతే మీ పేరు ఎందుకుంటుంది?" అన్నాడు. ఇంటికి తెచ్చుకున్నాము.

అది ఇప్పుడు మా అమ్మాయి ఇంటి ముందుగదిలో, చెప్పుల బల్ల పక్కన ఉంది. మూత జారాలంటే పెట్టె తల దగ్గర చోటు ఉండాలి. తలకిందులుగా దిగింది గనుక ఆ చోట తమ చట్రం అడుగు రేకు ఉంది. చట్రం కోద్దామా అంటే తమ సొత్తు. పెట్టె కోద్దామా అంటే మావారు వినరు. "సరిగ్గా కొలిచి చేసిన పెట్టెని నేనెందుకు కోయాలి?" అంటారు. మా అల్లుడు గారు నెమ్మదస్థుడు. "అలాగే ఉండనివ్వండి మామయ్యా, దాని మీద పూలకుండీ పెట్టుకుందాం" అన్నారు. ఆ పూట మావారు అన్నం తినలేదు.

మనవరాలు మాత్రం గుర్రం వచ్చిందనే అనుకుంటోంది. కడ్డీల మధ్య నుంచి పెట్టెని తట్టి పలకరిస్తుంది. "తాతయ్యా, గుర్రం ఏం తప్పు చేసింది? జైల్లో ఎందుకు పెట్టారు?" అని అడుగుతుంది. ఆకలేస్తుందని సందులోంచి బిస్కెట్లు తోస్తోంది. చీమలు తమ చట్రం వెంబడి బారులు తీరాయి. అవీ దేవుడు పుట్టించినవే కనుక నేను ఏమీ అనలేదు గాని, తమ సొత్తు కనుక తెలియజేయవలసి వచ్చింది.

6. ఫోను గురించి. చట్రం ఎక్కడ ఇవ్వాలో కనుక్కుందామని చీటీ మీది నంబరుకి ఫోను చేశాను. "గట్టిగా మాట్లాడండి మేడమ్" అని అవతలి ఆయన అడిగిన ప్రతిసారీ నేను నాకు తెలిసినంత గట్టిగానే మాట్లాడాను. చివరికి మనవరాలు ఫోను లాక్కుని, "మా గుర్రం మీ జైల్లో ఉంది" అని అరిచింది. ఆయనకి వెంటనే అర్థమయింది.

"ఆ చట్రం మీ దగ్గరుందా? దానికోసం ఇక్కడ పెద్ద గొడవే అయింది మేడమ్. సంస్థ సొత్తుని విమానంలో పంపించేసిందని ఆ అమ్మాయిని పక్కన పెట్టారు. చట్రం చెక్కుచెదరకుండా తిరిగొస్తే సరే. లేకపోతే ఉద్యోగం పోయినట్టే" అన్నాడు.

ఫోను పెట్టేశాక ఆ మాట ఇంట్లో చెప్పాను. మావారు లేచి వెళ్ళి చట్రం ముందు కూర్చున్నారు.

తమకు మేము విన్నవించుకొనేది ఏమనగా: ఆ అమ్మాయి తన పని తాను చేసింది. కొలవమని తమరు చెప్పారు, కొలిచింది. పట్టినట్లయితే రుసుము వద్దని తమరు చెప్పారు, పట్టింది గనుక పుచ్చుకోలేదు. తమ నియమావళిలో, చట్రంలో దిగిన పెట్టె పైకి రాకపోతే ఏం చేయాలో రాసి ఉంటే ఆమె అదే చేసి ఉండేది. రాసి లేని చోట మనిషి తన మనసు చూసుకోవాలి. ఆమె చూసుకుంది. పెట్టెని తలకిందులు చేసినది వస్తాదు గారు, మైనం నాది, పట్టుదల మావారిది. ఇందులో ఆమెకి భాగం లేదు.

రోజూ పొద్దున్నే ప్రార్థనలో ఆమె కోసం అడుగుతున్నాను. పేరు తెలియదు గనుక "కొలతల అమ్మాయి" అంటున్నాను. తమ కోసం కూడా అడుగుతున్నాను. తమ పేరూ తెలియదు గనుక "సామాను అధికారి గారు" అంటున్నాను. దేవుడు పొరపాటు పడడనే నమ్మకం.

నేను పెద్దగా మాట్లాడలేనిదాన్ని. ఆ రోజు ద్వారం దగ్గర నా మాట ఒక్కరికి వినపడి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఈసారి వినపడాలని కోరుకుంటూ, తీరిక చూసుకుని ఒకటికి రెండుసార్లు చిత్తగించవలసినదిగా వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
పెట్టెల వడ్రంగి గారి భార్య

తా.క.: ఈ కాగితం మడిచి కవరులో పెట్టబోతుంటే ముందుగదిలోంచి రంపం చప్పుడు వచ్చింది. పరుగెత్తి వెళ్ళి చూశాను. మావారు పెట్టె అడుగు చెక్క కోస్తున్నారు. తాను చేసిన పెట్టె మీద ఆయన రంపం పెట్టడం నేను ఇంతవరకూ చూడలేదు. "ఏమండీ" అన్నాను. "పెట్టె ఇంకోటి చేసుకోవచ్చే. ఆ పిల్లకి ఉద్యోగం చేసిపెట్టడం నా చేతుల్లో పనా" అన్నారు. తమ కడ్డీలకి గీత కూడా పడకుండా కోశారు. పెట్టె వదలగానే విచ్చుకున్న కడ్డీలు మళ్ళీ తమ చోటికి వచ్చాయి. చెవులు రెండూ క్షేమం. మనవరాలు గుర్రం దిగడం లేదు. గుర్రానికి ఇల్లు లేకుండా చేశారని మాత్రం కోపంగా ఉంది. కోసిన చెక్కలతో మావారు దానికో కొట్టం చేస్తున్నారు, ఈసారి బయటి కొలత చూసుకుని.

చట్రాన్ని తిరుగు ప్రయాణంలో మేమే తెస్తున్నాము. కింద సామానులో వేస్తే వంగుతుందేమోనని, వంగితే మళ్ళీ ఆ అమ్మాయి మీదికే వస్తుందని భయపడి, చేతిసామానుగా తేవాలని నిశ్చయించుకున్నాము. మావారు టేపు పెట్టి కొలిచారు. లోపలి కొలత సరిగ్గా తమ టికెట్టు మీద ఉన్నదే. "చూశావా, దీన్ని చేసినవాడూ మనలాంటివాడే, లోపలే చూసుకున్నాడు" అని మురిసిపోయారు. కాని బయటి కొలత ఎక్కువ వస్తోంది. అనగా తమ నియమం ప్రకారం తమ చట్రం తమ విమానంలో చేతిసామానుగా చెల్లదు.

దీనికి తమరు ఏం సెలవిస్తారో తెలియదు. మేము దిగే వేళకి ఆ అమ్మాయి ద్వారం దగ్గర ఉంటే చట్రం ఆమె చేతికే ఇస్తాము. ఇంకొకరి చేతికి మాత్రం ఇచ్చేది లేదని నేను, పదో తరగతి చదివినదాన్ని, మెల్లగానే చెప్తున్నాను. ఆమె కొలిచి చూసుకోవాలంటే చూసుకోవచ్చు. ఈసారి మైనం తేవడం లేదు.