రాళ్ళకుప్ప తీసేది లేదు

గాలిబాట యాత్రల కంపెనీ,
కుస్కో, ఏప్రిల్ 4.

పుకాఖాసా ఊరి బాటల సంఘం అధ్యక్షురాలు దోన్యా ఎర్మెలిందా చొక్కెవాంకా గారికి,

నమస్కారాలు. మా కంపెనీ మీ కొండ మీద సైకిళ్ళ పందెం పెడుతోంది. జూన్ పదిన దేశదేశాల వాళ్ళు సైకిళ్ళు తోసుకుంటూ కనుమ దాకా నడిచి ఎక్కి, అక్కణ్ణుంచి మీ ఊరి మీదుగా ఏటి దాకా తొక్కుకుంటూ దిగుతారు. దారి బ్రహ్మాండంగా ఉంది. ఒక్కటే ఇబ్బంది. సరిగ్గా కనుమ మీద, దారి మధ్యలో, నిలువెత్తు రాళ్ళకుప్ప ఉంది. ఎవరో ఇల్లు కట్టబోయి మానేసినట్టున్నారు. పదిహేను రోజుల్లోగా దాన్ని తీయించవలసిందిగా కోరుతున్నాను. ఈ ఉత్తరం మీద కంపెనీ ముద్ర, నోటరీ ముద్ర, జిల్లా ఆఫీసు ముద్ర, మూడూ ఉన్నాయి.

ఇట్లు,
రెనాతో ఇర్రిగోయెన్, మేనేజరు.

తా.క. మీ ఊళ్ళో ఫోను పలకదట కదా. జవాబు బంగాళాదుంపల లారీ డ్రైవరు చేతికివ్వండి.


పుకాఖాసా, ఏప్రిల్ 9.

ఇంజనీరు గారికి ఎర్మెలిందా రాసేది. ఇక్కడ నేనూ, మా ఆయనా, మా అత్తగారూ, మా మందలోని నలభై ఒక్క లామాలూ కులాసా. మీరు ఇంజనీరు కారని తెలుసు. టై కట్టిన ప్రతివాణ్ణీ మేం అలాగే పిలుస్తాం, ఏమీ అనుకోకండి.

మీ ఉత్తరం ఊరంతటినీ కూర్చోబెట్టి చదివాను. ముద్రలు బాగున్నాయి, ఆ ఊదా రంగుది మరీను. రాళ్ళకుప్ప మాత్రం తియ్యం.

ఇల్లు కట్టబోయి మానేశారా? ఎంత మాటన్నారు! అది అపచేతా, నాయనా. మా తాతల తాతలు మొదలుపెట్టింది, మేమింకా పేరుస్తూనే ఉన్నాం. ఆ దారిన పోయే ప్రతి మనిషీ ఒక రాయి మోయాలి. అది మా ఆచారం. మీ సైకిలు దొరలకీ మినహాయింపు లేదు.

ఉంటాను,
ఎర్మెలిందా.

తా.క. మా లామాలు వీపు మీద బస్తాలతో ఆ కుప్ప చుట్టూ తిరిగి పోతాయి. రెండు చక్రాలవాళ్ళకి ఏమొచ్చింది?


కుస్కో, ఏప్రిల్ 30.

దోన్యా ఎర్మెలిందా గారికి,

మీ సహకారానికి వేవేల ధన్యవాదాలు! మీ ఆచారం మాకు తెగ నచ్చేసింది. ప్రతి మనిషీ ఒక రాయి మోయాలన్నారు. ఒకటేం ఖర్మ, మూడు మోయిస్తాను! మే రెండున ఇరవై రెండుమంది సాధనకి వస్తున్నారు. కుప్పలోంచి తలా మూడు రాళ్ళు సంచుల్లో వేసుకుని కిందికి దిగుతారు. నెలపాటు ఇలా చేస్తే ఆచారం దక్కుతుంది, దారీ ఖాళీ అవుతుంది. మీరు వేలు కూడా కదపక్కర్లేదు. ఈ ఉత్తరం దిగేటప్పుడు వాళ్ళే మీకు అందజేస్తారు.

ఇట్లు మీ అభిమాని,
రెనాతో.

తా.క. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని అనుకోలేదు సుమా.


పుకాఖాసా, మే 3.

ఇంజనీరూ,

"గారు" తీసేశాను, గమనించండి.

నిన్న దుంపలు తవ్వి ఇంటికొచ్చేసరికి మీ ఉత్తరం గుమ్మంలో ఉంది. గాలికి ఎగరకుండా మీవాళ్ళు రాయి బరువు పెట్టి పోయారు. ఆ రాయీ అపచేతాదే! అయ్యయ్యో, ఏం మనుషులయ్యా మీరు! రాయి మోయడమంటే పైకి మోయడం. ఆ ముక్క విడమరిచి చెప్పాలని నాకు తట్టనైనా తట్టలేదు. కుప్పలో రాయి కిందికి మోసినవాణ్ణి ఈ కొండల్లో ఎవడైనా చూశాడా?

కింద నుంచి ఒక రాయి పట్టుకెళ్ళి, ఎక్కిన అలుపంతా దానికి అప్పగించి, కుప్ప మీద పెట్టి, ఒళ్ళు తేలికై దిగుతాం. మీవాళ్ళు అరవై ఆరుమంది అలుపు సంచుల్లో వేసుకుని పోయారు. మా అత్త తెయొడోరా ఎడమ మోకాలి నొప్పి అప్పగించిన రాయి కూడా పోయింది. ఎర్రగా, కోడిగుడ్డంత ఉంటుందది. ఏ అమాయకుడికి అంటుకుందో పాపం.

రాళ్ళు వెనక్కి రావాలి. వచ్చేదాకా ఒక్క చక్రం కూడా కనుమ దాటదు. నలభై ఒక్క లామాలనీ దారికడ్డంగా కూర్చోబెడతాను. లామా అలిగి కూర్చుందంటే ముప్ఫై ముద్రలు గుద్దినా లేవదు.

ఎర్మెలిందా.

తా.క. పచ్చటి పలకరాయి ఒకటి కనబడితే అదొక్కటీ మీరే ఉంచుకోండి. అందులో మా ఆయన బద్ధకం ఉంది.


కుస్కో, మే 12.

దోన్యా ఎర్మెలిందా గారికి,

"గారు" నేను తీయలేదు, గమనించగలరు.

ఇలాంటి కబుర్లకి మా కంపెనీ బెదరదు. అయితే ఒక మాట. మావాళ్ళు పది రోజులుగా హోటల్లో మంచాలు దిగడం లేదు. కొండల ఎత్తు ఒంటికి పడలేదన్నాడు డాక్టరు. నెల్లాళ్ళుగా ఈ ఎత్తులోనే ఉన్నారయ్యా అంటే బుర్ర గోక్కున్నాడు. జర్మనీ ఉల్రిక్‌కి ఎడమ మోకాలు పట్టేసింది. సంచి వెతికితే కోడిగుడ్డంత ఎర్రరాయి!

మీ ఉత్తరం వాళ్ళకి చదివి వినిపించడం నా బుద్ధితక్కువ. రాళ్ళు తిరిగి పెట్టొస్తామని అందరూ లేచి బయల్దేరారు. సైకిళ్ళు ఇక్కడే పారేసి, నడిచి! ఆపబోతే నన్నే కసిరారు.

పందెం మాత్రం ఆగదు. కుప్ప తొలగించాలని జిల్లా ఆఫీసు ఉత్తర్వు తెప్పించాను. పెద్ద ముద్ర, ఎర్రది. దాన్నీ ఈ కవరులోనే పెడుతున్నాను. ఇప్పుడేమంటారో చూస్తాను.

ఇట్లు,
రెనాతో ఇర్రిగోయెన్, మేనేజరు.

తా.క. ఒక్క రాయి మాత్రం రాదు. నల్లగా నున్నగా, తెల్లచారతో ముద్దొస్తుంటే మావాళ్ళలో ఒకమ్మాయి నాకు కానుకిచ్చింది. మీ ఉత్తరాల మీద బరువుగా పెట్టుకున్నాను.

మళ్ళీ తా.క. మొన్న లారీ డ్రైవరు మీ కవరు తెచ్చినప్పట్నుంచీ నా చేతులు వణుకుతున్నాయి. కాఫీ మానేశాను. తగ్గలేదు.


పుకాఖాసా, మే 25.

ఇంజనీరు గారికి,

"గారు" తిరిగి పెట్టాను. ఎందుకో చివర్లో చెబుతాను.

మీవాళ్ళు వచ్చారు. రొప్పుతూ రోజుతూ కనుమెక్కి, ఎవరి రాళ్ళు వాళ్ళు కుప్ప మీద పెట్టారు. పైగా ఏటి నుంచి తలా ఒక కొత్త రాయి తెచ్చారు. కుప్ప జానెడు పెరిగింది. ఉల్రిక్ కాలు విదిలించి గంతులేశాడు. అది చూసి మా అత్త హడలిపోయి తన మోకాలు తడుముకుంది. ఏమీ కాలేదు, భద్రంగానే ఉంది.

సైకిళ్ళతో రావాలనుందన్నారు. రాయి తెచ్చుకుని, కుప్ప దగ్గర దిగి, చుట్టూ తోసుకెళ్ళి, అవతల ఎక్కి హాయిగా పొమ్మన్నాను. సరేనన్నారు. మంచి పిల్లలు. ఒక్క పొరపాటు చేశారు. పచ్చటి పలకరాయిని మర్యాదకొద్దీ మా ఆయన చేతికే ఇచ్చారు. ఆయన ఆ రోజు నుంచి మంచం దిగలేదు.

మీ ఉత్తర్వు చదివాను. కాగితం మందంగా ఉంది. నాలుగు మడతలు పెట్టి, గాలికి కొట్టుకునే తలుపు కింద దోపాను. ఇప్పుడు తలుపు చప్పుడే లేదు. అపచేతా తీసేది లేదు. జిల్లావాళ్ళు వస్తామంటే రానివ్వండి, తలా ఒక రాయి తెచ్చుకోమనండి.

ఇక మీ బల్ల మీది నల్లరాయి. దాన్ని పెట్టింది నేనే. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు మా మేతబీడు లాక్కుంటామని పట్నం నుంచి కాగితం వచ్చింది. అప్పట్లో నాకు చదువు రాదు. ముద్ర చూస్తేనే చేతులు వణికేవి. మూడు రోజులు కవరు విప్పలేదు, తిండి ముట్టలేదు. నాలుగో రోజు ఏట్లోంచి ఆ రాయి తీసుకుని కనుమెక్కాను. అందరూ అలుపు వదులుతారు. నేను భయం వదిలాను. కాగితమంటే, ముద్రంటే, ఉత్తరమంటే నాకున్న భయమంతా ఆ రాయికి అప్పగించి దిగొచ్చాను. చదవడం నేర్చుకున్నాను, రాయడం నేర్చుకున్నాను. మేతబీడు ఇవాళ్టికీ మాదే.

కాబట్టి నాయనా, కాఫీ మానొద్దు. పాపం, దాని తప్పేం లేదు. ఆ భయం ఎంత బరువో నాకు తెలుసు గనకే "గారు" తిరిగి పెట్టాను. రాయి నాకక్కర్లేదు. ఉంచుకుంటానంటే ఉంచుకోండి. వదిలించుకోవాలంటే మాత్రం మీరే తేవాలి, నడిచి.

ఉంటాను,
ఎర్మెలిందా చొక్కెవాంకా.

తా.క. ఈ కవరు విప్పడానికి ఎన్ని రోజులు పట్టింది?