యేసురత్నం గారి భార్య

ఏమండీ,

ఇవాళ ఫుజైరా నుంచి అబుదాబి వెళ్లి, మన ఎంబసీలో మీ పింఛనుకు దరఖాస్తు ఇచ్చి వచ్చాను. తూర్పు బెంగాల్ యుద్ధంలో మీరు నది దాటుతూ కొట్టుకుపోయారని సైన్యం వాళ్లు ఎప్పుడో తెలియజేశారు. మీ దేహం దొరకలేదు కాబట్టి నేను నమ్మలేదు. దరఖాస్తు పెడితే మిమ్మల్ని నేనే సాగనంపినట్టవుతుందని ఇన్నేళ్లూ ఊరుకున్నాను.

మొన్న సెలవుకి ఊరు వెళ్లినప్పుడు అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"ఎదురుచూసింది చాలే అమ్మాయ్. కన్నతల్లిని, నేనే ఆశ వదులుకున్నా. వాడి కష్టం వాడి కూతురి చదువుకైనా పనికిరానీ" అంది.

సరేనన్నాను.

ఇక్కడ ఆసుపత్రిలో అందరికీ నేను సిస్టర్‌నే. మీ పేరు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఈ ఉదయం ఎంబసీ హాలు జనంతో కిక్కిరిసి ఉంది. గుమస్తా తలుపు దగ్గర నిలబడి, "హవల్దార్ యేసురత్నం కీ బీవీ కౌన్ హై?" అని గట్టిగా పిలిచాడు.

ఎన్నేళ్లయిందండీ, ఇంకొకరి నోట మీ పేరు విని! వినపడనట్టే కూర్చున్నాను. అతను ఇంకోసారి, ఇంకా గట్టిగా పిలిచాడు.

అప్పుడు నవ్వుకుంటూ లేచి, హిందీ కూడా మరిచిపోయి, "నేనేనండీ" అన్నాను.