గోడ మీద తాతయ్య

మా వాగుడుకాయకు,
తాతయ్య దీవెనలు. మీ కాలేజీవాళ్లు యుద్ధం జరిగిన చోట్లు చూపించడానికి తీసుకెళ్తున్నారని తెలిసింది. ఆ యుద్ధంలో నేను దర్జీని. నా స్నేహితుడు పొడుగోడు అక్కడే పోయాడు. ఎక్కడ పూడ్చారో ఎవరూ చెప్పలేదు. స్మారకం గోడ మీద వాడి పేరు వెతికి, నా తరఫున ఒక పువ్వు పెట్టు. అసలు పేరు వేరే కాగితం మీద రాశాను.
మిషను వదలని మీ తాతయ్య
తా.క.: కోటు గుడ్డ విషయంలో వాడొక్కడే ఇద్దరి పెట్టు.

తాతయ్యకు,
నమస్కారం. కందకాలు, సమాధులు తిరిగి తిరిగి కాళ్లు అరిగిపోయాయి. గోడంతా రెండుసార్లు చదివాను. ఆయన పేరు లేదు. నీ పేరుంది. ఇంటిపేరు, ఊరు అన్నీ నీవే. నాకు ఏడుపొచ్చేసింది. అది చూసి మాస్టారు క్లాసు మొత్తాన్ని నీకోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబెట్టారు. "మా తాతయ్య బతికే ఉన్నాడు సార్" అంటే, "మన గుండెల్లో ఎప్పుడూ ఉంటారమ్మా" అని తల నిమిరారు.
నీ మనవరాలు
తా.క.: బస్సులో కిటికీ సీటు నాకే ఇచ్చారు. కాదనలేదు.

వాగుడుకాయకు,
దీవెనలు. నేను పోయిన సంగతి మీ అమ్మమ్మకు చెప్పాను. "మరి పొద్దున మూడోసారి టీ అడిగిందెవరు?" అంది. నా సంగతి వదిలెయ్. వాడి పేరు లేదంటే వాడు బతికే ఉన్నాడన్నమాట. ఇన్నేళ్లూ ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు, దొంగవెధవ. నాకు కాలు నిలవడం లేదు. స్మారకం ఆఫీసుకు రాసి వాడెక్కడున్నాడో కనుక్కో.
సంతోషంతో, తాతయ్య
తా.క.: వాడికని కోటు కత్తిరించడం మొదలుపెట్టాను. పొట్ట పెరిగి ఉంటుందని రెండంగుళాలు ఎక్కువే ఉంచాను.

తాతయ్యకు,
ఆఫీసు నుంచి జవాబొచ్చింది. ఎలా రాయాలో తెలియడం లేదు. నీ పేరుతో పూడ్చిన మనిషి చాలా పొడుగట. ముఖం గుర్తుపట్టేలా లేదట. కోటు కాలరు లోపల ఎర్రదారంతో నీ పేరు, ఊరు కుట్టి ఉంటే అదే రాసుకున్నారట. నీ కోటు ఆయనెందుకు వేసుకున్నాడు? తప్పు దిద్దాలంటే చనిపోయిన వ్యక్తి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలట.
ప్రేమతో, నీ మనవరాలు
తా.క.: మాస్టారు క్షమించమన్నారు. పాటించిన మౌనం మాత్రం వెనక్కి తీసుకోలేమన్నారు.

నా బంగారానికి,
అది నా కోటు కాదమ్మా, వాడిదే. కుట్టిన ప్రతి కోటుకీ కాలరు లోపల నా పేరు, ఊరు కుట్టేవాణ్ణి. యుద్ధం అయ్యాక అందరూ నా కొట్టు వెతుక్కుంటూ వస్తారని ఆశ. మిగతావాళ్లను తోటివాళ్లు గుర్తుపట్టి ఉంటారు. వాణ్ణి గుర్తుపట్టాల్సింది నేను. ఆ రోజు జ్వరంతో ఆసుపత్రిలో పడి ఉన్నాను. నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. వాణ్ణి తిట్టినందుకు మరీ ఏడ్చాను. శనివారం వస్తున్నాను. సంతకం పెట్టి, వాడి పేరు చెక్కించాకే అక్కణ్ణుంచి కదులుతాను.
మీ తాతయ్య
తా.క.: అమ్మమ్మ కూడా వస్తానంటోంది. నా పేరు తీసేసేలోపు ఆ గోడ ముందు కాసేపు కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుంటుందట. ఎదురు చెప్పకుండా వినే నేను అక్కడొక్కచోటే ఉన్నానట.